చర్చి చుట్టూ తిరిగిన దొంగ

"ఏ ఇంటికి తీసుకెళ్ళావు?"

ఇన్‌స్పెక్టర్ హాల్డేన్ ఆ ప్రశ్న ఎన్నిసార్లు అడిగాడో నేను లెక్కపెట్టడం మానేశాను. చర్చి పక్కగదిలో కుర్చీ అంచున కూర్చున్న ఫెర్కర్ మెక్‌నీష్ మాత్రం టోపీని మోకాలి మీద తిప్పుతూ, కిటికీలోంచి సమాధుల కేసి చూస్తున్నాడు.

"చూడు పెద్దాయనా. చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ దగ్గరికి డొనక్ గంట తీసుకెళ్ళి మోగించే హక్కు నీకుంది. కాదనను. ఎవరో పాతకాలం రాజు ఇచ్చాడు, చట్టమూ ఒప్పుకుంది. కానీ చావబోతున్నదెవరు? మా వాళ్ళు పొద్దున్నుంచి ప్రతి గడపా తొక్కారు. ఈ ఊళ్ళో జలుబు చేసినవాడు కూడా లేడు."

"జలుబుకి గంట మోగించం సారూ," అన్నాడు ఫెర్కర్.

నాకు నవ్వొచ్చింది. దాన్ని దగ్గు కింద మార్చుకున్నాను. హాల్డేన్ నా వైపు ఎర్రగా చూశాడు.

ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. పురాతన వస్తువుల దొంగతనాలు పట్టడంలో ఎడింబరాలో ఆయనకు పెద్ద పేరు. ఈ మధ్యాహ్నం గంటను తీసుకెళ్ళడానికి మ్యూజియం బండి వస్తే దాని వెంట కాపలాగా వెళ్దామని ముందురోజే వచ్చి మా ఊరి సత్రంలో దిగాడు. ఆయన హాయిగా నిద్రపోతుండగా, కూతవేటు దూరంలో, ఎనిమిది వందల ఏళ్ళ గంట మాయమైంది. పై అధికారులకు ఏం చెప్పుకోవాలో తెలియక ఆ మనిషి కుతకుతలాడిపోతున్నాడు.

నా పేరు ఊనా ర్యాంకిన్. ఈ కిల్‌డొనక్‌లోనే పుట్టి, తిరిగి ఈ కిల్‌డొనక్‌కే సార్జెంటుగా వచ్చినదాన్ని. నా తల తినేస్తున్న సంగతి వేరే ఉంది. పొద్దున ఫోన్ చేసి "గంట పోయింది, తొందరగా రా పిల్లా" అన్నది ఫెర్కరే. మేం వచ్చేసరికి "తీసింది నేనే" అన్నదీ ఫెర్కరే. మధ్యలో ఏం జరిగింది? ఫోన్ పెట్టేశాక ఆయన చర్చి బయటికి వచ్చాడు. అంతే.

"లండన్‌నుంచి వచ్చిన ఆ పాతవస్తువుల వ్యాపారి పోయినవారం సత్రంలో నీకు విస్కీ పోయించాడు. అవునా?" హాల్డేన్ ముందుకు వంగాడు. "పిల్లలు లేరు. నీ తర్వాత కాపలాదారు లేడు. అందుకే గంట ఎలాగూ మ్యూజియానికి పోతోంది. పోయేదేదో మంచి ధరకే పోనిద్దామనుకున్నావు."

ఫెర్కర్ ముఖం కందిపోయింది. మెక్‌నీష్‌ల ఇంట్లో తండ్రి తర్వాత కొడుకు, కొడుకు తర్వాత మనవడు ఆ గంటను కాచారు. ఎవరింట్లో ప్రాణం పోతున్నా, ఎంత వాన పడుతున్నా, గంట పట్టుకుని వెళ్ళి మంచం పక్కన నిలబడ్డారు. మా అమ్మ పోయినప్పుడు ఫెర్కర్ మోకాలు వాచి ఉంది. అయినా కొండెక్కి మా ఇంటికి వచ్చాడు. అలాంటి మనిషిని గంట అమ్ముకున్నావంటే నాకు ఒళ్ళు మండింది.

"నేనొక మాట అడగొచ్చా సార్?" అన్నాను.

"అడుగు. నీ బుజ్జగింపులకైనా నోరు విప్పుతాడేమో."

"పెద్దాయనా, గంట తీసుకుని బయటికి వచ్చాక చర్చి చుట్టూ తిరిగావా?"

"తిరగకుండా ఎలా? ప్రదక్షిణం చెయ్యకుండా గంట గేటు దాటకూడదు కదా."

"కర్ర పట్టుకునేనా?"

"కర్ర లేకపోతే నేను మంచమైనా దిగలేను. నీకు తెలియనిదా?"

"తెలుసు," అన్నాను. నాకు కావలసింది దొరికింది.

హాల్డేన్‌ను బయటికి తీసుకొచ్చాను. ఎండ తగిలిన వైపు మంచు కరిగిపోయింది కానీ, ఉత్తరపు గోడ నీడలో గడ్డి ఇంకా తెల్లగా గడ్డకట్టే ఉంది. ఆ తెలుపు మీద అడుగుల వరస ఒకటి స్పష్టంగా కనిపిస్తోంది. గోడను కుడిచేతి వైపు ఉంచుకుని నడిచిన అడుగులు అవి.

"ఇవి పొద్దున్నే చూశాను," అన్నాడు హాల్డేన్. "దొంగ వెనకదారి ఏదైనా ఉందేమోనని వెతుక్కున్నాడు."

"చర్చి తలుపుకి ఎదురుగా గేటుంది సార్. దానికి తాళమే లేదు. చేతిలో దొంగసొత్తు పెట్టుకుని, గేటు వదిలేసి, సమాధులన్నీ తప్పించుకుంటూ చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ అదే గేటులోంచి పోయే దొంగని ఎక్కడైనా చూశారా?"

"తిక్కవాళ్ళను చాలామందిని చూశాను."

"ఇది తిక్క కాదు, మర్యాద. బయటి ఊరివాడైతే తిన్నగా పోతాడు. మా ఊరివాళ్ళు గంట దొంగిలించినా సరే, ప్రదక్షిణం చేశాకే దొంగిలిస్తారు."

"అంటే ఊరివాడే. అంటే ముసలాడే. నా మాటే నువ్వూ అంటున్నావు, సార్జెంట్. కాకపోతే ఎక్కువ సేపు అంటున్నావు."

"కర్ర గుర్తులేవి?"

ఆయన వంగి చూశాడు. అడుగుల పక్కన ఎక్కడా కర్ర పొడిచిన గుంట లేదు. పైగా జాడ ఫెర్కర్ బూట్లంత పెద్దది కాదు. ఎడమపాదం కాస్త బయటికి తిరిగి ఉంది. గేటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మంచంతా చెల్లాచెదురుగా ఉంది, ఎవరో కర్రతో గీకి చెరిపేసినట్టు. ఎవరు చెరిపారో నాకర్థమైంది. ఎందుకు చెరిపారో కాలేదు.

"మంచు కరిగితే పాదాలు చిన్నవీ అవుతాయి, పెద్దవీ అవుతాయి," అని హాల్డేన్ లోపలికి నడిచాడు.

గంట ఉండే గూడు, పూర్వం కుష్ఠువాళ్ళు బయటే నిలబడి ప్రార్థన వినడానికి గోడలో తొలిచిన సన్నటి కంతకు పక్కనే ఉంటుంది. గూటికి ఇనుప తలుపు, దానికో తాళం. తాళం పగలలేదు. తాళంచెవి పాదిరిగారి పీఠం వెనక మేకుకు వేలాడుతోంది. అది అక్కడుంటుందని ఊళ్ళో గొర్రెలకు కూడా తెలుసు. ఆ సంగతి నేను చెప్పినప్పుడు హాల్డేన్ కాసేపు కళ్ళు మూసుకున్నాడు.

తాళం రంధ్రం అంచున తెల్లటి పొడి అంటుకుని ఉంది. ఆయన వేలితో తుడిచి చూశాడు.

"సున్నం. గోడలు రాలుతున్నాయి. ఇందుకే గంటను మ్యూజియంలో పెట్టాలనేది."

నేను కూడా కాస్త తీసుకుని నాలిక మీద పెట్టుకున్నాను. ఇలా చెయ్యమని ఏ పోలీసు శిక్షణలోనూ చెప్పరు. అది సున్నం కాదు, ఓట్స్ పిండి. చిన్నప్పటి నుంచి నేను తిని పెరిగిన రొట్టెల పిండి. తెల్లవారకముందే లేచి, చేతులకు ఆ పిండితో తిరిగే మనిషి మా ఊళ్ళో ఒక్కతే. ఆమె ఎడమకాలు కాస్త బయటికి వేసి నడుస్తుంది.

చెప్పాలా వద్దా అని తటపటాయించాను. చెబితే ఆయన వెంటనే బేడీలు తీస్తాడు. ఆమె సంగతి నాకు తెలుసు. నలుగురిలో పరువు పోతే మళ్ళీ గడప దాటదు.

"నాకు కాస్త వ్యవధి ఇవ్వండి సార్. మ్యూజియం బండి వచ్చేలోపు గంట తెస్తాను."

"తేలేకపోతే?"

"పెద్దాయనను మీ ఇష్టమొచ్చిన చోటికి తీసుకెళ్ళండి."

"బండి వచ్చేదాకా ఆగుతాను," అన్నాడు హాల్డేన్. ఆ మాట నేను నమ్మడం నా తెలివితక్కువే.

*

మార్సలీ టీ దుకాణం మూసి ఉంది. అమ్మకాలు బాగా సాగే వేళ అది మూసి ఉండడం నేనెన్నడూ చూడలేదు. వెనకదారిన వంటగదిలోకి వెళ్ళాను. డెబ్భై దాటిన మనిషి, పొయ్యి మీద రొట్టెలు మాడిపోతున్నా పట్టించుకోకుండా బల్ల ముందు కూర్చుని ఉంది.

"బూట్లు తుడుచుకునే లోపలికి రా," అంది తలెత్తకుండా.

పొయ్యి కట్టేశాను. "గంటెక్కడుంది ఆంటీ?"

"పిండి డబ్బాలో."

అంత తేలిగ్గా చెబుతుందని నేననుకోలేదు. మూత తీసి చూస్తే నిజంగానే అక్కడుంది. గొర్రె మెడలో కట్టే గంటను బాగా పెద్దది చేస్తే ఎలా ఉంటుందో అలా ఉండే మోటు గంట. లోపల నాలుక మోగకుండా ఉన్ని చుట్టి ఉంది, పద్ధతి ప్రకారం.

"ఎవరికోసమని మాత్రం అడక్కు," అంది.

"అడక్క తప్పదు. అక్కడ ఫెర్కర్ పెద్దాయన దొంగ నేనేనని ఒప్పుకుని కూర్చున్నాడు."

మార్సలీ లేచి నిలబడింది. "ఆ మొద్దు ఎందుకు ఒప్పుకున్నాడు?"

"మంచులో నీ అడుగులు చూశాడు. గేటు దగ్గర జాడంతా కర్రతో చెరిపేశాడు. మేం వచ్చేసరికి తక్కింది చెరపలేకపోయాడు పాపం."

"నా అడుగులని ఎలా తెలిసింది?"

"నువ్వే చెప్పాలి."

ఆమె చేతులు ఆప్రాన్‌కు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. "నేను పడి కాలు విరగ్గొట్టుకుంది వాడు చూస్తుండగానే కదా," అంది చివరికి. "గుర్తుందన్నమాట వెధవకి."

వీళ్ళిద్దరి కథ మా ఊళ్ళో అందరూ ఎరిగినదే, ఎవరూ ఎత్తనిదే. పడుచుతనంలో పెళ్ళి ఖాయమైంది. ఆమెకు గ్లాస్గోలో ఉద్యోగం వచ్చింది, అతను గంటను విడిచి రానన్నాడు. అయితే గంటతోనే కాపురం చేసుకో అని ఆమె వెళ్ళిపోయింది. చాలా ఏళ్ళకు తిరిగొచ్చి ఈ దుకాణం పెట్టింది. ఫెర్కర్ ఇంటి నుంచి ఆ దుకాణం పొగగొట్టం కనిపిస్తుంది. అయినా ఇద్దరూ పలకరించుకోలేదు. అడిగితే ఇద్దరూ ఎదుటివాళ్ళదే మొండితనమనేవారు.

"శనివారం నా కొట్టుకొచ్చాడే," అంది మార్సలీ. "ఆ మూల కూర్చుని నేను చేసిన స్కోను రొట్టె తిన్నాడు. తిని, 'బాగుంది మార్సలీ' అన్నాడు."

"అంతేనా?"

"అంతేనా ఏమిటి! ఈ లోయలో మగాడు ఏది పెట్టినా ఏమంటాడు?"

"పర్లేదు, తినొచ్చంటాడు."

"మరి? బాగుందన్నాడు. పేరు పెట్టి పిలిచాడు. నా గుండె ఆగినంత పనైంది. ఒంట్లో ఎలా ఉంది ఫెర్కర్ అని అడిగేశాను. పెర్త్‌లో పెద్ద డాక్టరు చూశాడట. గుండె పనైపోయింది, వసంతం చూస్తే గొప్పే అన్నాడట. గొర్రెల ధర చెప్పినట్టు చెప్పాడే ఊనా. చెప్పి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు."

పొద్దున్నుంచి మేమంతా ఊళ్ళో చావబోయేది ఎవరా అని గడప గడపా వెతుకుతున్నాం. ఆ మనిషి మా ఎదురుగానే కూర్చుని టోపీ తిప్పుకుంటున్నాడు.

"కాపలాదారు పోయేటప్పుడు గంట మోగించాల్సింది ఆ తర్వాతి కాపలాదారు," అంది మార్సలీ. "వాళ్ళ నాన్నకి వీడు మోగించాడు. వీడికెవరున్నారు? ఇవాళ గంట ఊరు దాటిపోతుంది. ఊరందరి మంచాల దగ్గరా నిలబడ్డవాడు, తను మాత్రం ఏ చప్పుడూ లేకుండా పోవాలా? ఒప్పుకోను. నన్ను జైల్లో వేసుకోండి. వాడికి మోగించాకే ఇస్తాను."

ఆమె చేతులు పట్టుకున్నాను. నాకూ ఏడుపు వస్తోంది, సార్జెంటు ఏడవకూడదు.

ఇంతలో ఫోన్ మోగింది. చర్చి దగ్గర నేను ఉంచి వచ్చిన కానిస్టేబులు.

"మేడమ్, ఇన్‌స్పెక్టర్ గారు పెద్దాయనను కారెక్కించి పెర్త్ బయల్దేరారు. బండి కోసం ఆగరట. లాకప్‌లో ఒక రాత్రి ఉంటే నోరు తెరుస్తాడట."

ఆ గుండెతో, ఈ చలిలో, లాకప్‌లో. పైగా పెర్త్ వెళ్ళాలంటే పాత రాతి వంతెన దాటాలి. మా ఊరి హద్దు అక్కడితో సరి. వంతెన దాటితే డొనక్ గంట ఒట్టి ఇనుము, దాని మోత ఎవరికీ తోడు రాదు. అవతల పోయినవాడు ఒంటరిగా పోయినట్టే. ఇది ఎవరు పెట్టిన నియమమో తెలియదు కానీ, నమ్మని మనిషి మా ఊళ్ళో లేడు. నేనూ నమ్ముతాను.

మార్సలీ అప్పటికే గంటను ఎత్తుకుంది.

*

కారు రోడ్డున చుట్టూ తిరిగి రావాలి. మేం మిల్లు పక్క అడ్డదారిన దిగాం. వంతెన పాతకాలంలో గుర్రాల కోసం కట్టింది, ఒక్క కారు కష్టంగా పడుతుంది. నేను ఆయాసపడుతూ దాని నడిమి దాకా పరుగెత్తి, దారికి అడ్డంగా నిలబడ్డాను. కారు ముందుచక్రాలు రాళ్ళెక్కి ఆగాయి. హాల్డేన్ హారన్ కొట్టాడు. కొట్టుకోనిచ్చాను.

"పిచ్చెక్కిందా సార్జెంట్?" కారు దిగి అరిచాడు. "నీ ఉద్యోగం ఊడుతుంది!"

"ఊడనివ్వండి. మీరు ఆగుతానన్నారు."

"నేను మాటిచ్చింది దొంగకు కాదు కదా, నీకు. తర్వాత క్షమాపణ చెబుతాను. తప్పుకో!"

"ఆయన గుండె జబ్బు మనిషి. లాకప్‌లో పోతే మీరేం చెబుతారో ముందు నాకు చెప్పండి."

హాల్డేన్ వెనకసీటు వైపు చూశాడు. ఫెర్కర్ పెదవులు నీలంగా ఉన్నాయి. తలుపు తీసుకుని, కర్ర ఊతంగా, నెమ్మదిగా దిగుతున్నాడు. ఆయన నన్ను చూడటం లేదు. నా వెనక వస్తున్న మార్సలీని చూస్తున్నాడు.

"అతన్ని వదలండి," అంది మార్సలీ. "గంట తీసింది నేను. ఇదిగో."

"కాదు సారూ, నేనే," అన్నాడు ఫెర్కర్.

"గంట ఆవిడ చేతిలో ఉంటే నువ్వెలా అవుతావయ్యా?" హాల్డేన్ బేడీలు తీశాడు. "అమ్మా, చేతులు చాపండి."

మార్సలీ చేతులు చాపలేదు. గంట లోపలి ఉన్నిని లాగడం మొదలెట్టింది. ఆమె వేళ్ళు చలికి కొంకర్లు పోతున్నాయి. "ఒక్కసారి మోగించనివ్వండి. తర్వాత ఎక్కడికంటే అక్కడికొస్తాను. ఇతనికోసం మోగించాలి. ఇక్కడే మోగించాలి."

"విప్పకు మార్సలీ," అన్నాడు ఫెర్కర్.

ఆమె ఆగింది.

"ఇన్నేళ్ళకి నువ్వుగా నా దగ్గరికి వచ్చావు. వచ్చీరాగానే సాగనంపుతావా?"

నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను.

"ఆవిడకు బేడీలు వెయ్యొద్దు సారూ," అన్నాడు ఫెర్కర్ కారుకి ఆనుకుని. "అది ఆవిడ గంటే. శనివారం కొట్లోంచి తిన్నగా పాదిరిగారి దగ్గరికెళ్ళాను. నా తర్వాత కాపలా మార్సలీదని చెప్పాను. ఆవిడ ఒప్పుకుందా అన్నాడు. ఇంకా అడగలేదన్నాను. అడిగి రా, సాక్షుల ముందు ఒప్పుకుంటే గంట ఊరు కదలక్కర్లేదన్నాడు. అడుగుదామనే ఆదివారం వెళ్ళాను. సోమవారమూ వెళ్ళాను. తలుపు దాకా వెళ్ళి, గడియ మీద చెయ్యి వేసి, వెనక్కొచ్చాను. అడిగే ధైర్యం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు."

హాల్డేన్ ఫోన్ తీసుకుని కాస్త దూరం వెళ్ళాడు. పాదిరిగారితో మాట్లాడుతున్నట్టుంది. ఈలోగా మార్సలీ కోపం పొంగింది.

"నన్నడక్కుండా నా పేరు చెప్పేస్తావా? ఈ ఇనుపముక్క కోసం నన్నొదిలేశావు. ఇప్పుడు దీన్నే నా నెత్తిన పెట్టి నువ్వు చక్కా పోతావా?"

"అవును," అన్నాడు ఫెర్కర్. "ఇంకెవరి చేతుల్లో పెట్టినా నాకు నిద్రపట్టదు. క్షమించు."

హాల్డేన్ తిరిగొచ్చాడు. బేడీలు ఇంకా చేతిలోనే ఉన్నాయి, ముఖం మాత్రం గంభీరంగా ఉంది. ఎంత విసిగించినా, ఆ మనిషి నియమం దాటడు.

"పాదిరిగారు నిజమేనన్నారు. కాపలాదారు తీసుకెళ్తే అది దొంగతనం కాదు, ఆవిడ కాపలాదారు కాకపోతే దొంగతనమే. కాబట్టి సాక్షుల ముందు, ఊరి హద్దులో, నేనే అడగాల్సి వస్తోంది. సూటిగా చెప్పండి." గొంతు సవరించుకున్నాడు. "మార్సలీ గారూ, ఫెర్కర్ మెక్‌నీష్ మీ చేతుల్లో పెడుతున్నదాన్ని, బతికినంతకాలం, సుఖంలోనూ కష్టంలోనూ కనిపెట్టుకుని ఉండటానికి మీరు సమ్మతిస్తున్నారా?"

తానేం అడిగాడో ఆయనకు తెలియలేదు. మిగతా ముగ్గురికీ తెలిసింది, అవి పెళ్ళిలో పాదిరి అడిగే మాటలని. ఫెర్కర్ టోపీ తీసేశాడు. చలికి ఆయన నెరిసిన జుట్టు అటూ ఇటూ ఎగురుతోంది.

మార్సలీ బేడీల వైపు చూడలేదు, హాల్డేన్ వైపూ చూడలేదు. సగం విప్పిన ఉన్నిని మళ్ళీ జాగ్రత్తగా గంట నాలుకకు చుట్టి, గట్టిగా ముడి వేసింది.

"సమ్మతమే," అంది. ఫెర్కర్ దగ్గరికి వెళ్ళి, కర్ర లేని చేతిని పట్టుకుంది. "కానీ ఎప్పుడు మోగించాలో చెప్పేది నేను. నాకిప్పుడు తీరిక లేదు ఫెర్కర్. నువ్వు ఆగాలి."